అరచేతికొండ అడగనమ్మ

పూర్వం సుద్దగుట్ట సీమను సింగమనాయకుడనే సామంతుడు పాలిస్తున్న కాలంలో వరుసగా మూడేళ్లు వానలు కురవక, బావులు ఎండి, పశువులు కట్టుగొయ్యల దగ్గరే కూలిపోయినప్పుడు, ఆ ప్రభువు గుట్టమీది కోటలో ధాన్యపు కొట్లు తెరిపించి, ఆకలిగొన్న ప్రతివారికీ దినానికొక మానెడు కొర్రలు ఉచితంగా ఇవ్వవలసిందని ఆజ్ఞాపించాడు. ఆయన దయాళువు. ఆ ఆజ్ఞలో కపటమేమీ లేదు. అయితే అనర్హులు కూడా వచ్చి పట్టుకుపోతారేమోనని శంకించిన కరణం అక్కిరాజు ఒక చిన్న నియమం చేర్చాడు: కొట్టు వాకిట ఉన్న నల్లరాతి పలకపై భూవసతి గల గృహస్థుడొకడు చెయ్యి పెట్టి, ‘ఈ మనిషి నిజంగా పేద’ అని ప్రమాణం చేయాలి, ఆ తరువాతనే గింజలు. ప్రభువుకు ఇది సబబుగానే తోచింది.

పొలాలకు ఆవల ఉన్న పల్లెలో ఎవరికీ సెంటు భూమి లేదు గనుక, వారంతా సాక్ష్యం కోసం ఊళ్లోని మోతుబరులనే ఆశ్రయించవలసి వచ్చింది. తమ చేతికి ఎంత విలువ ఏర్పడిందో మోతుబరులు త్వరలోనే గ్రహించారు. చెయ్యి పెట్టినందుకు ఒకడు మూడేళ్ల సేద్యం ఉచితంగా చేయాలన్నాడు, మరొకడు కూతురిని పేడకళ్లెత్తడానికి పంపమన్నాడు. రెండు నెలలు గడిచేసరికి పల్లెలో సగం మంది వెట్టికి కట్టుబడ్డారు, ఒప్పుకోని తక్కిన సగం మంది పస్తులతో గుడిసెల్లోనే ఉండిపోయారు. మేడ మీద నుంచి చూసిన ప్రభువు, కొట్టు ముందు బారు పలచబడటం గమనించి, కరువు తగ్గుముఖం పట్టిందని సంతోషించి, గుట్టమీద పేరులేక వెలసి ఉన్న అమ్మవారికి పొంగళ్లు పెట్టించాడు. ఇంత పెద్ద పొరపాటును ఇంత భక్తితో చేసినవారు అరుదు.

ఆ పల్లెలో మాసక్క అనే మంత్రసాని ఉండేది. పల్లెలోనూ ఊళ్లోనూ నలభై ఏళ్లుగా పుట్టిన బిడ్డలందరూ ముందు ఆమె చేతుల్లో పడ్డవారే. నొప్పులు మొదలైతే ఊరివారు ఆమెను పరుగున ముందు గుమ్మం గుండా తీసుకుపోయేవారు, పని అయ్యాక పెరటి గుండా పంపేవారు. ఆ ఏడు ఆమె కోడలు ఈరమ్మ మగబిడ్డను కన్నది. బాలింత కడుపులో మెతుకు లేదు, రొమ్ములో పాలు లేవు. అయిదో దినానికి బిడ్డ ఏడుపు సన్నగిల్లింది. మాసక్క మోతుబరి గురవప్ప వాకిటికి వెళ్లి నిలబడింది.

“చెయ్యి పెట్టేదానికేముంది మాసక్కా, పెడతా. పుట్టినోడు మగపిల్లోడే గదా? నడకొస్తానే నా గొడ్లకాడికి పంపు,” అన్నాడు గురవప్ప.

“అయిదు దినాల పిల్లోణ్ని జీతానికి కుదుర్చుకుంటాండావా సామీ?”

“జీతమెవురిస్తామన్నారే? కూడు పెడతాం,” అని అతడు నవ్వాడు.

మాసక్క తిన్నగా గుట్ట ఎక్కి, బారులో తన వంతు వచ్చేదాకా నిలబడి, కరణం ఎదుటికి పోయింది.

“నీకు సాక్షి ఎవరే?” అన్నాడు అక్కిరాజు తల ఎత్తకుండా.

“నువ్వు పుట్టినపొద్దు నీకెవురు సాక్షి అయ్యోరా? ఎవరి బిడ్డవో, ఎంత భూముందో అడిగి పట్టుకుంటినా నిన్ను? కడిగి, గుడ్డలో చుట్టి మీయమ్మ పక్కలో పెడితి.”

బారులో నుంచి ఒకడు, “అయ్యోరు ఎదురుకాళ్లతో పుట్టినాడంట గదా అత్తా?” అన్నాడు.

“అడ్డంగా. అప్పుడూ ఇంతే, ఎవరి మాటా ఇనలే.”

ఆకలితో నిలబడ్డవారు కూడా నవ్వారు. కరణం ముఖం ఎర్రబడింది. మాసక్క తన కుడి అరచేతిని నల్లరాతి మీద ఆనించి, “నా పల్లెలో పుట్టిన ప్రతి పానానికీ నేనే సాక్షి. వీళ్లకు ఏమీ లేదని నాకు తెలిసినట్లు ఇంకెవురికి తెలుసు?” అన్నది. భూమి లేని చెయ్యి చెల్లదు, తీయమని కరణం కేకవేస్తుండగానే ఆ శిల పిసికిన పిండివలె మెత్తబడి, ఆమె చేతిని మణికట్టు దాకా లోనికి తీసుకొని మరల గట్టిపడింది. భటులు గునపాలతో ప్రయత్నించి అలసిపోయారు గాని, రాయి పగలలేదు, చెయ్యి ఊడలేదు.

వార్త విని వచ్చిన ప్రభువు జరిగినదంతా తెలుసుకొని, ముందీమెకు కొలిచి ఇమ్మన్నాడు.

బిడ్డ ఏడుపు చెవిలోనే ఉన్నా మాసక్క తల అడ్డంగా ఊపింది. “నాకొక్కదానికిస్తే ఈ రాయి ఇడవదు దొరా. ఎవరినీ సాక్షి అడగొద్దని చెప్పు.”

“అట్లయితే దొంగలు కూడా వచ్చి తింటారు ప్రభూ,” అన్నాడు కరణం.

సింగమనాయకుడు బారులోని మనుషులను చాలాసేపు, ఈసారి దగ్గరనుంచి, చూశాడు. “తిననీ. తినేది కొర్రలే కదా,” అన్నాడు. సాక్ష్యం నియమాన్ని, దానికోసం కుదిరిన వెట్టి ఒప్పందాలన్నింటినీ అక్కడే రద్దు చేశాడు. ఆ మాట ముగిసిన క్షణాన శిల సడలి చేతిని విడిచిపెట్టింది. వాకిట్లోనే పొయ్యి పెట్టి కాచిన తొలి గంజిని ఈరమ్మకు పంపారు. బిడ్డ బతికాడు. తనకు అన్యాయం జరిగిందని గురవప్ప మాత్రం కడదాకా వాదిస్తూనే ఉన్నాడు.

ఆనాడు రాతిలో నిలిచి సాక్ష్యం చెప్పినది గుట్టమీది తల్లేనని జనులు తలచి, చేతిగుంట మిగిలిన ఆ రాతి దగ్గరే గుడి కట్టి, ఆమెను అడగనమ్మ అని కొలుస్తూ వచ్చారు. సుద్దగుట్ట అరచేతికొండ అయింది. ఆ బిడ్డ సంతతివారే నేటికీ అక్కడ పూజారులు. ఈ గుడిలో అర్చనకు గోత్రం అడగరు, పేరు అడగరు. చైత్రమాసపు కడపటి మంగళవారం జరిగే జాతరలో కొర్రగంజి మొదట బాలింతలకు పోసి, తరువాతనే అమ్మవారికి నివేదిస్తారు.

జాతర లేని రోజుల్లోనూ కొందరు వస్తుంటారు. జీవితమంతా కలుపు తీసి, మట్టి మోసి వేళ్ల గీతలు అరిగిపోయిన ముసలివాళ్లు, కింద చౌకదుకాణంలో యంత్రం మీద ముద్ర పడక, ఖాళీ సంచితో మెట్లెక్కి వచ్చి, నల్లరాతిలోని గుంటలో అరచెయ్యి పెట్టి కాసేపు కూర్చుంటారు. ఆ గుంటలో ఏ చెయ్యి అయినా పడుతుంది. వాళ్లు చెయ్యి తీసేలోగానే పూజారి కోడలు గంజి చెంబుతో బయటికి వస్తుంది.