రెక్కలు రాలని యక్షుడు

ఆ ఆట కావాలనే ఓడిపోయానని కృత్తిక ఎప్పుడూ, ఎవరి ముందూ నోరు విప్పి చెప్పలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఆ మాట పైకి అనుకోలేదు.

జిల్లా పోటీల్లో చివరి ఆట అది. ఎదురుగా, ఆమెతోపాటే ఆట నేర్చుకున్న ఇలియాస్. గెలిస్తేనే అతనికి రాష్ట్ర పోటీల్లో చోటు. లేకపోతే ఈ చదరంగం కట్టిపెట్టి చెప్పుల కొట్లో కూర్చోమని వాళ్ళ నాన్న తేల్చి చెప్పేశాడు. కృత్తిక తన గుర్రాన్ని ఒక్క గెంతు గెంతిస్తే అతని రాజుకి ఇక దారి లేదు. అది చూసింది. చూసి, బంటును జరిపింది.

అతనే గెలిచాడు. గెలిచినవాడు లేవకుండా బల్ల వంకే చూస్తూ కూర్చున్నాడు.

"గుర్రం కనపడలేదా నీకు?"

"ఊహూఁ," అంది కృత్తిక.

అంతే. ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆమెతో మాట్లాడలేదు. రాష్ట్ర పోటీలకు పేరు కూడా ఇవ్వలేదు. అతని కోసం అంత చేస్తే ఇదా అని ఆమె ఉడుక్కుంది, ఏడ్చింది, ఎటూ తోచక చివరికి నవల రాయడం మొదలుపెట్టింది. రాయడం ఆమెకి ఎవరూ నేర్పలేదు. చదరంగం మాత్రం నేర్పినాయన ఒకరున్నారు.

నిడదవోలులో టైలర్ అబ్బులు మాస్టారి కొట్టే కృత్తికకీ ఇలియాస్‌కీ బడి. పదేళ్ళప్పుడు లంగా అంచు మడిపించుకోడానికి వచ్చిన పిల్ల, అక్కడ పరిచి ఉన్న చదరంగం గుడ్డ చూసి ఇంటికెళ్ళడం మరిచిపోయింది. మిగిలిపోయిన ముక్కలతో మాస్టారే కుట్టిన గుడ్డ అది. తెల్లగళ్ళు బడిపిల్లల చొక్కాలవి, నల్లగళ్ళు వకీళ్ళ కోట్లవి. ఎప్పుడో పోయిన ఒక శకటు బదులు దారపు కండె నిలబడుతుంది.

ఎనిమిది నెలలు గడిచాక, ఒక ఆదివారం పొద్దున్నే కృత్తిక నవల రాసిన నోటుపుస్తకం పట్టుకుని కొట్టుకి వచ్చింది.

"మాస్టారూ, చివరి అధ్యాయం నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు కొట్టేశానండీ. మీరు వినాలి."

"ఆయ్. చదువమ్మాయ్," అన్నారు మాస్టారు, జాకెట్టుకి హుక్కులు కుడుతూ.

కథలో యక్షుల కోట ఉంది. దారి తప్పి అక్కడికి వెళ్ళిన మాళవి అనే పిల్ల ఉంది. యక్షరాకుమారుడితో చదరంగం ఆడి గెలిస్తే ఇంటికి పోవచ్చు, ఓడితే ఎప్పటికీ అక్కడే. యక్షులు అబద్ధమాడకూడదు. ఆడితే ఆ క్షణంలోనే రెక్కలు రాలిపోతాయి.

"రెక్కలున్నవాడికి చొక్కా ఎలా కుడతారమ్మా? వీపున రెండు కాజాలు తియ్యాలా?"

"మాస్టారూ! ముందు వినండి."

విన్నారు. మాళవి మీద ప్రేమతో రాకుమారుడు కావాలనే ఓడిపోతాడు. నిజంగానే గెలిచాననుకుని ఆ పిల్ల సంబరంగా ఇంటికి పోతుంది. అతను ఆకాశంలో ఎగురుతూ, ఆమె వెళ్ళిన దారినే చూస్తుంటాడు.

కృత్తిక పుస్తకం దించింది. "ఇంతకన్నా గొప్ప ప్రేమ ఉంటుందాండీ? కానీ చదువుతుంటే నాకే ప్రాణం లేనట్టుంది. ఎక్కడ చెడిందో తెలీడం లేదు."

మాస్టారు పళ్ళతో దారం తెంపారు. జాకెట్టు పక్కన పెట్టి చదరంగం గుడ్డ పరిచారు.

"ఒక ఆట వేద్దాం, రా."

పన్నెండేళ్ళలో ఆయన మీద ఆమె ఒక్కసారీ గెలవలేదు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడింది. పదో ఎత్తుకో పదకొండో ఎత్తుకో, మాస్టారు తన మంత్రిని తీసుకొచ్చి తిన్నగా ఆమె బంటు నోటి ముందు పెట్టారు.

కృత్తిక చెయ్యి కదల్లేదు. "చూసుకోండి మాస్టారూ."

"చూశాను."

"మంత్రి పోద్దండీ."

"పోనీ. పాపం, పుస్తకం కుదరక దిగులుగా ఉన్నావు. గెలిస్తే కాస్త సంతోషపడతావని."

"నేనేవన్నా చంటిపిల్లనా? ఇన్నేళ్ళు ఓడించారు, ఒక్కనాడు బాధపడ్డానా? మీరు నాతో నిజంగా ఆడుతున్నారనే కదా రోజూ ఇక్కడికి పరిగెత్తుకొచ్చాను! ఇవాళ ఇలా జాలిపడి వదిలేస్తే, నా ఆటంటే మీకు…"

అంటూనే ఆమె గుడ్డ మీదున్న తన గుర్రం వంక చూసింది.

బయట పాలవాడి సైకిలు బెల్లు వినపడి, దూరమైపోయింది.

మాస్టారు కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నారు. ఆయన గొంతు మెత్తగా ఉంది. "మీ రాకుమారుడు అబద్ధమాడితే రెక్కలు రాలిపోతాయన్నావు కదమ్మా?"

"ఆయ్."

"మరి ఇంకా ఎగురుతున్నాడేంటి?"

మాస్టారు లేచి మిషను దగ్గర కూర్చుని, ఎవరిదో ప్యాంటు అంచు సూది కిందకి తోసి తొక్కడం మొదలుపెట్టారు.

కృత్తిక చాలాసేపు ఆ గుడ్డ ముందే కూర్చుంది. మంత్రి అలాగే ఉంది. దాన్ని తీసుకోబుద్ధి కాలేదు, వెనక్కి పెట్టబుద్ధీ కాలేదు. గెలిచి కూడా లేవకుండా బల్ల వంకే చూస్తూ కూర్చున్న ఒక మనిషి గుర్తొచ్చాడు. అతను అడిగింది ఒక్క ప్రశ్నే.

నోటుపుస్తకం మూసేసింది. ఫోను తీసింది. ఎనిమిది నెలలుగా ఇలియాస్ పేరు మీద వేలు పెట్టడం, తీసెయ్యడం, ఇదే పని. ఎత్తకపోవచ్చు. ఎత్తి తిట్టొచ్చు. తిడితే పడాలి. ముందు చెప్పాల్సింది మాత్రం రెండే మాటలు. గుర్రం కనపడింది.

చేసేద్దాం అనుకుని ఆ పేరు నొక్కింది.

వెనకాల మాస్టారు మిషను తొక్కడం ఆపారు.