స్వామికి నిద్రపట్టని పడవ

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. పేరు గవ్వలపేట. ఆ ఊళ్ళో గుడి ఉంది, గుడికి గంట ఉంది, గుళ్ళో స్వామి మాత్రం లేడు. ఎక్కడికెళ్ళాడు అమ్మమ్మా అని అడుగుతావని తెలుసు. అడుగు, అడుగు. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే నా నోట కథ కదలదు.

మూడేళ్ళ కిందట ఉప్పెన వచ్చి పాత గుడి కొట్టుకుపోయింది. అప్పుడు పూజారి అప్పలాచార్యులుగారు స్వామిని ఉత్తరీయంతో గుండెకి కట్టుకుని, తాటిచెట్టు కావలించుకుని తెల్లవార్లూ ఉండిపోయారు. పైన వాన, కింద కెరటాలు. ఆ స్వామి ఎలా ఉంటాడనుకున్నావు? మూరెడు పొడుగు. శేషుడి మీద వాలి, తల కింద చెయ్యి పెట్టుకుని, ఏ దిగులూ లేకుండా పడుకుని ఉంటాడు. రంగనాయకస్వామి. దణ్ణం పెట్టుకో.

నీళ్ళు తీశాక ఆచార్యులుగారు స్వామిని తీసుకుని, సముద్రం చప్పుడు వినపడనంత దూరంలో ఒక మెట్ట ఊరికి వెళ్ళిపోయారు. అక్కడ రోజూ రాత్రి స్వామికి పవళింపు సేవ చేసేవారు. అంటే పాలు ఆరగింపు పెట్టి, జోల పాడి, తెర వేసి, తలుపు మూసెయ్యడం. తలుపు మూశాక చీమ చిటుక్కుమనకూడదు. పక్కింటావిడని రాత్రిపూట రోలు ముట్టుకోనిచ్చేవారు కాదు. ఎదురింటి ఆవు మెడలో గంటకి గుడ్డ చుట్టేశారు. ఒకసారి ఆయనకే తుమ్మొస్తే, ముక్కు పట్టుకుని వీధి చివరిదాకా పరుగెత్తి అక్కడ తుమ్మొచ్చారు! నవ్వకు, భక్తి అది.

ఆ తర్వాత గవ్వలపేటవాళ్ళు కొత్త గుడి కట్టుకున్నారు. "మా స్వామిని మాకు తీసుకురండి ఆచార్యులుగారూ" అని కబురు పెట్టారు. రోడ్డుకి గండ్లు పడి ఉన్నాయి గనక దగ్గర రేవుకి తెరచాప పడవ పంపించారు. పడవ నడిపే సరంగు ఎర్రయ్య. తోడు అతని భార్య నూకరత్నం, ఆర్నెల్ల పిల్ల బంగారి. ఆ పడవే వాళ్ళకి ఇల్లు. ప్రయాణం మూడు రాత్రులు.

మొదటి రాత్రి ఒడ్డుకి కాస్త ఎడంగా లంగరేశారు. ఆచార్యులుగారు జోల పాడి, స్వామికి తెర వేసి, చాప మీద వాలారు. వాలారో లేదో, టప్పు! టప్పు! టప్పు!

"ఎవరయ్యా అది, పడవ తలుపు తడుతున్నారు?"

"పడవకి తలుపెక్కడిదండి అయ్యగోరూ. కెరటమండి. పక్క నుంచొచ్చి పొట్ట మీద కొడతంది" అన్నాడు ఎర్రయ్య.

"స్వామికి నిద్రాభంగం అవుతోందయ్యా. ఆపు."

"సంద్రాన్నా అండీ?"

అప్పుడు ఎర్రయ్య ఇంకో తాడు కట్టి, పడవ ముక్కుని కెరటాలకేసి తిప్పాడు. టప్పు టప్పు ఆగింది. ఈసారి ఏమైంది? కెరటం ముక్కు దగ్గర చీలి, అడుగునుంచి దొర్లుకుంటూ వెళ్ళింది. గుడుగుడు, గుడుగుడు. ఆచార్యులుగారు అడుగు చెక్కకి చెవి ఆనించి తెల్లవార్లూ ఆ గుడుగుడు వింటూ కూర్చున్నారు.

రెండో రాత్రి, "నన్ను పడవ మధ్యకి మార్చు, స్వామినీ మార్చు" అన్నారు. ఎర్రయ్య మార్చాడు. పడవ తోక కింద చరిచే కెరటానికి అడ్డంగా పాత వలలూ కొబ్బరి పీచు మోకులూ చుట్టగట్టి వేలాడదీశాడు. ఇప్పుడేమైంది? కెరటం ఆ పీచులో దూరి, బుస్స్... బుస్స్... మంది.

"ఇదేమిటయ్యా, పాము బుస కొడుతోంది!"

"మీ సామి పరుపూ పామేగా అయ్యగోరూ" అంది నూకరత్నం, పొయ్యి మీద గంజి కలుపుతూ.

ఆచార్యులుగారికి నవ్వు రాలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తెల్లారగానే, "ఎర్రయ్యా, పడవ వెనక్కి తిప్పు. ఇంత చప్పుడులో స్వామి ఉండలేడు. ఊళ్ళోవాళ్ళకి నేను చెప్పుకుంటాను" అన్నారు.

ఎర్రయ్య ముఖం వాడిపోయింది. ఎందుకంటావు? గవ్వలపేటలో అందరూ గుడి ముందు పందిరేసుకుని ఎదురు చూస్తున్నారు. మూడేళ్ళుగా పుట్టిన పిల్లలకి పేరు పెట్టలేదు, స్వామి ముందు పెట్టుకుందామని. బంగారికీ అంతే. బంగారి అనేది ఉత్త ముద్దుపేరు. ఇప్పుడు స్వామి వెనక్కి వెళ్ళిపోతే మళ్ళీ ఎప్పుడొస్తాడు?

"ఒక్క రాత్రి చూడండి అయ్యగోరూ. చప్పుడే లేని చోటికి తీసుకెళ్తా. అప్పుడూ సామికి నిద్దర పట్టకపోతే నేనే వెనక్కి తిప్పుతా" అన్నాడు.

మూడో రాత్రి ఎర్రయ్య పడవని మడచెట్ల మధ్య పాయలోకి తీసుకెళ్ళాడు. అక్కడ నీళ్ళు నూనెలా ఉన్నాయి. టప్పు లేదు, గుడుగుడు లేదు, బుస్స్ లేదు. ఆచార్యులుగారు జోల పాడి, తెర వేసి, చాప మీద వాలారు. ఎంత నిశ్శబ్దం! అయినా నిద్ర రాలేదమ్మా. ఇప్పుడేమీ చప్పుడు లేదు కదా, మరి ఎందుకు రాలేదు? నువ్వు ఆలోచిస్తూ ఉండు, నేను చెప్తాను.

అప్పుడు బంగారి క్యార్‌మంది.

నూకరత్నం పాలిచ్చింది. ఏడుపు ఆపలేదు. ఉయ్యాల ఊపింది. ఆపలేదు. పాట పాడింది. ఇంకా గట్టిగా ఏడ్చింది. అప్పుడు నూకరత్నం లేచి తెడ్డు తీసుకుని, పడవ పక్కన నీళ్ళని కొట్టడం మొదలెట్టింది. తపక్... తపక్... తపక్... పిల్ల వెక్కిళ్ళు పెట్టింది, బొటనవేలు నోట్లో పెట్టుకుంది, ఇట్టే పడుకుంది.

ఆచార్యులుగారు తగువుకే లేచారు. స్వామి పడుకున్నాక ఈ చప్పుడేమిటని. కానీ పిల్లని చూసి తగువు మరిచిపోయారు. వింతగా ఉంది ఆయనకి.

"ఏమ్మా రత్నం, చప్పుడు చేస్తే పడుకుందేమిటి?"

"పుట్టింది పడవలో కదండీ అయ్యగోరూ. ఆ సప్పుడు లేకపోతే పక్కలో అమ్మ లేనట్టే దీనికి."

ఆచార్యులుగారు తెర వంక చూశారు. నూకరత్నం వంక చూశారు. మళ్ళీ తెర వంక చూశారు. ఇప్పుడు నువ్వు చెప్పు, మన స్వామి పడుకునేదెక్కడ? ఆఁ! పాలసముద్రం మీద! ఆ సముద్రానికి కెరటాలుండవూ?

"అయ్యో నా తండ్రీ!" అని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు ఆచార్యులుగారు. "మూడేళ్ళు రోలు ఆపించాను, ఆవు గంటకి గుడ్డ కట్టాను. మూడేళ్ళూ నీకు నిద్ర లేకుండా చేశానా?"

తెడ్డు అడిగి తీసుకున్నారు. చేతకాలేదు. పక్కన పెట్టేశారు. తెర తీసి, పడవ అంచున కూర్చుని, నీళ్ళ మీదకి చెయ్యి చాపారు. మళ్ళీ వెనక్కి తీసుకున్నారు. ఉప్పెన తర్వాత ఆయన ఉప్పునీళ్ళు ముట్టుకోలేదు. కెరటం వినపడితే చాలు, ఆ తాటిచెట్టూ ఆ రాత్రీ కళ్ళ ముందుకొచ్చేవి. అయినా స్వామి కోసం కదా. అరచేత్తో మెల్లిగా నీళ్ళు తట్టారు. తపక్. నీళ్ళు వెచ్చగా ఉన్నాయి. ఇంకోసారి తట్టారు. తపక్.

"భయం నాది, స్వామీ. నిద్ర పట్టనిదీ నాకే. నెపం నీ మీద పెట్టాను" అన్నారు చిన్నగా.

స్వామి ఏమన్నాడు? తల కింద చెయ్యి పెట్టుకుని, పెదవి చివర ఆ నవ్వు ఉంటుంది చూడు, అలాగే ఉన్నాడు. తపక్... తపక్... అలా తడుతూ తడుతూ ఆచార్యులుగారు పడవ అంచు మీద తల వాల్చి, చెయ్యి నీళ్ళలో వదిలేసి నిద్రపోయారు.

తెల్లారింది. ఎర్రయ్య లంగరెత్తి, తెరచాప విప్పాడు. పడవ పాయ దాటి సముద్రంలోకి వచ్చింది. టప్పు, గుడుగుడు, బుస్స్, మూడూ ఒక్కసారే! ఆచార్యులుగారు కదల్లేదు.

"అయ్యగోర్ని లేపనా? సుప్రభాతం వేళయింది" అన్నాడు ఎర్రయ్య.

"పడుకోనియ్యి. ఇద్దరికీ మూడేళ్ళ బాకీ నిద్దర" అంది నూకరత్నం.

గవ్వలపేట రేవులో డప్పులు మోగాకే ఆయన లేచారు. చెంప మీద పడవ చెక్క అచ్చు! ఆ అచ్చుతోనే స్వామిని ఎత్తుకుని దిగారు. ఊరివాళ్ళు సంబరంగా చూపించారు: "స్వామి నిద్రకి అడ్డం రాకుండా సముద్రం వైపు మూరెడు మందం గోడ కట్టామండి!" ఆచార్యులుగారు గోడ తట్టి చూసి, "బంగారంలాంటి పని చేశారు. ఇక్కడొక కిటికీ కొట్టండి" అన్నారు.

ఆ తర్వాత పిల్లలందరికీ పేర్లు పెట్టారు. బంగారికి రంగనాయకి అని పెట్టారు. రోజూ రాత్రి పవళింపు సేవ అయ్యాక ఆచార్యులుగారు తలుపులన్నీ మూసి, ఆ కిటికీ తెరిచి, దాని కిందే చాప వేసుకుని పడుకునేవారు.

ఊఁ అనడం లేదేం? వీపు మీద తడుతున్నా, తెలుస్తోందా? తపక్... తపక్...

టప్పు టప్పు కెరటం, తలుపు తట్టె కెరటం,
పాలకడలి స్వామికి పాట పాడె కెరటం,
కథ సాగె కంచికి, పడవ చేరె గట్టుకి,
రెప్ప వాల్చి మనమింక నిద్దరమ్మ ఇంటికి.