కొమ్మరాజు అడిగిన దిడ్డితలుపు

వినండి పిల్లలూ. అనగనగా నెమలికోట అని ఒక రాజ్యం. ఆ రాజ్యానికో రాజు, ఆ రాజుకో సభ. ఒక్కో పేటవాళ్ళు ఒక్కో పెద్దను ఎన్నుకుని ఆ సభకు పంపేవారు.

రాతిపేటవాళ్ళు ఎప్పుడూ కొమ్మరాజునే పంపేవారు. జుట్టు నల్లగా ఉన్ననాడు వచ్చి కూర్చున్నాడు. తల ముగ్గుబుట్టయినా అదే పీట మీద ఉన్నాడు. కొత్త పన్ను అంటే వద్దనేవాడు. పొరుగు రాజుతో కయ్యమంటే వద్దనేవాడు. తాతలు పెట్టిన కట్టడి మారుద్దామంటే అసలే వద్దనేవాడు.

"పెట్టినవాళ్ళు వెర్రివాళ్ళు కారు. ఎందుకు పెట్టారో తెలుసుకోకుండా తీసెయ్యకండి" అనేవాడు. సగం సభ ఆయన వెనకే ఉండేది.

తాతల కట్టడి ఒకటుంది. పొద్దు గుంకితే కోట తలుపు మూయాలి. తెల్లవారేదాకా ఎవరికీ తియ్యకూడదు.

ఒకసారి వర్తకులు వచ్చారు. "మా బళ్ళు ఆలస్యమవుతున్నాయి. తలుపు ఇంకాసేపు తీసి ఉంచండి" అన్నారు. కొమ్మరాజు వద్దన్నాడు. ఆ వారంలోనే దొంగల దండు కోట దాకా వచ్చి, మూసిన తలుపు చూసి వెనక్కి పోయింది. అందరూ ఆయన్ను మెచ్చుకున్నారు.

ఇంకోసారి యువరాజు వేట నుంచి ఆలస్యంగా వచ్చి, చలిలో బయటే పడుకున్నాడు. "నాకైనా తియ్యాలి కదా!" అని సభలో మండిపడ్డాడు.

"రాజుగారి అబ్బాయికొక కట్టడి, కుండలు చేసేవాడికొక కట్టడీనా బాబూ?" అన్నాడు కొమ్మరాజు. యువరాజు తల దించుకున్నాడు. ప్రాణమిత్రుడు అక్కిరాజు లేచి వచ్చి కొమ్మరాజును కౌగిలించుకున్నాడు.

మూడోసారి పోలమ్మ వచ్చింది. కోట బయట కుండలు చేసుకుని బతికే మనిషి.

"అయ్యా, నా బిడ్డకు జ్వరమొచ్చింది. వైద్యుడేమో కోటలోపల. తలుపు తట్టాను. కట్టడి అన్నారు. తెల్లారేసరికి బిడ్డ నా ఒళ్ళోనే చల్లబడిపోయింది. తప్పెవరిదని అడగను. ఇంకో తల్లికిలా కాకూడదు. అంతే నా మనవి."

సభంతా కొమ్మరాజు వైపు చూసింది. ఆయన ఏమంటాడో అందరికీ తెలుసు. కొమ్మరాజు లేచాడు.

"ఈ కట్టడి ఎందుకు పెట్టారో నాకు తెలుసు. శత్రువు రాకూడదని పెట్టారు. జ్వరమొచ్చిన పసిబిడ్డ రాకూడదని కాదు. పెద్ద తలుపు మూసే ఉంచండి. పక్కన మనిషి వంగి దూరేంత దిడ్డితలుపు పెట్టండి. రోగిని తెచ్చినవాళ్ళకు అది తియ్యండి."

"ఇవాళ దిడ్డి అంటావు, రేపు కోటంతా తెరవమంటావు!" అని అక్కిరాజు లేచి అవతలి వరుసలోకి వెళ్ళిపోయాడు. వెనకున్న సగం సభా అతని వెంటే కదిలింది. ఇన్నాళ్ళూ కట్టడి మార్చాలన్న ఎదుటిపక్షంవాళ్ళు నవ్వారు. "ఇన్నాళ్ళకా తెలివొచ్చింది?" అన్నారు. వాళ్ళూ దగ్గరికి రాలేదు. కొమ్మరాజు ఒక్కడే నిలబడి ఉన్నాడు.

రాజు పోలమ్మను చూశాడు. ఆ ముసలాయన్ను చూశాడు. "దిడ్డి పెట్టించండి" అన్నాడు.

మళ్ళీ ఎన్నిక వచ్చినప్పుడు రాతిపేటవాళ్ళు అక్కిరాజు తమ్ముణ్ణి పంపారు. కొమ్మరాజు ఇంటికి వచ్చేవాళ్ళు తగ్గారు, తరవాత మానేశారు. భార్య పోయి చాలాకాలమైంది. పొయ్యి తనే రాజేసుకునేవాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే, పాత మిత్రులు వీధికి అవతలి పక్కనుంచి నడిచేవారు. "అంతమందీ తప్పు, నేనొక్కణ్ణే ఒప్పా?" అని తనను తానే అడిగేవాడు.

ఒక వానాకాలం, పొద్దు గుంకి పెద్ద తలుపు మూసేశారు. కాసేపటికి దిడ్డి గడియ తీసిన చప్పుడైంది. ఎవరో తండ్రి, గొంగట్లో చుట్టిన పిల్లతో ఆ వీధిలోనే ఉన్న వైద్యుడింటికి పరుగెత్తాడు. అరుగు మీది ముసలాయన్ను చూడనైనా లేదు. కొంతసేపటికి ఆ ఇంట్లోంచి పిల్ల ఏడుపు వినిపించింది. మంచి గట్టి ఏడుపు.

కొమ్మరాజు అది ఆగేదాకా విన్నాడు. తరవాత లోపలికి వెళ్ళి, చల్లారిన అన్నం ఒక్కడే వడ్డించుకుని, ఎన్నాళ్ళకో కడుపునిండా తిన్నాడు.

చూశారా పిల్లలూ, ఇన్నాళ్ళూ తానే కాపాడిన కట్టడి ఒకరి ప్రాణం తీస్తోందని తెలిసిననాడు, తోడెవరూ రాకపోయినా దాన్ని మార్చమని లేచి నిలబడటమే అసలైన పెద్దరికం.