చిక్కటి ఆయిలు

కాలేషా గారిని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆటోనగర్లో ఆయన దగ్గర ఇంజను పని నేర్చుకున్నవాళ్లంతా ఈ మాట ఒప్పుకుంటారు. పిస్టను ఎందుకు పట్టేసిందని అడిగినవాడి చేతిలో పానా పెట్టి పక్కకు జరిగేవారు. వాడు తిట్టుకుంటూ ఒక్కో బోల్టూ విప్పుకుంటూ పోతే సాయంత్రానికి జవాబు వాడి ఒళ్లోనే పడేది. ఇప్పుడాయనకి డెబ్బై ఎనిమిదేళ్లు. బళ్లు తీసుకోవడం మానేసినా రోజూ వచ్చి షెడ్డు తాళం తీస్తారు, నులకమంచం మీద కూర్చుంటారు, పొద్దుగూకాక తాళం వేసుకుని ఇంటికి పోతారు. యాభై ఏళ్లు ఇంజన్ల పక్కన నిలబడ్డందుకు చెవులు రెండూ పోయాయి. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెబితే సగం వింటారు, మిగతా సగం మన మొహం చూసి పోల్చుకుంటారు.

ఆ షెడ్డుకి భాద్రపద మాసంలో ఒక మధ్యాహ్నం ఆయన శిష్యుడు నాంచారయ్య తన కారు తీసుకుని వచ్చాడు. శిష్యుడంటే కుర్రవాడనుకునేరు. యాభై నాలుగేళ్లవాడు, సొంత షెడ్డు ఉన్నవాడు, మీసం సగం నెరిసినవాడు. కారు కూడా అలాంటిదే. పొడుగు ముక్కు పెట్రోలు బండి, ఆ రకం తయారు చేయడం మానేసి ఇరవై ఏళ్లు దాటింది. మూడు లక్షల డెబ్బై వేల కిలోమీటర్లు తిరిగింది. దాని ఇంజనుని గురుశిష్యులిద్దరూ కలిసి మూడుసార్లు విప్పి కట్టారు. మూడుసార్లూ సిలిండర్లు బోరు చేసి, అంటే లోపలి గోడ తొలిచి వెడల్పు చేసి, పెద్ద పిస్టన్లు వేశారు. నాలుగోసారి బోరు చేయడానికి గోడలో ఇనుము మిగల్లేదు.

వెనక సీట్లో గోనెసంచిలో ఒక సూపర్‌ఛార్జర్ ఉంది. మద్రాసులో గుద్దుకుని తుక్కయిన ఒక విదేశీ బండిలోంచి ఊడదీసింది. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలి చాలదన్నట్టు, దాని నోట్లోకి మరింత గాలిని బలవంతంగా కూరే యంత్రం అది. కుదిరితే ముసలి ఇంజను కోడెదూడలా ఉరుకుతుంది. కుదరకపోతే రాడ్డు విరిగి, ఇంజను పొట్ట చీల్చుకుని రోడ్డు మీద పడుతుంది.

ఈ అవస్థ అంతా ఒక గుమ్మడికాయ కోసం. ఆయుధపూజ మర్నాడు ఆటోనగర్ మేస్త్రీలు తమ చేత్తో కట్టిన బళ్లు తీసుకుని క్వారీ కొండ రోడ్డెక్కుతారు. ముందుగా పైకి చేరిన బండికి దిష్టి తీసి గుమ్మడికాయ కొడతారు. అంతకు మించి బహుమతి లేదు. కానీ ఆ కాయ ఎవరి బండి ముందు పగిలిందో ఏడాది పొడుగునా ఊళ్లో మంచి ఇంజన్లు ఆ షెడ్డుకే వెళతాయి. పదకొండేళ్లు అది నాంచారయ్య బండి ముందే పగిలింది. తర్వాత రెండేళ్లు పగల్లేదు. కిందటేడు ఆయన పధ్నాలుగోవాడుగా పైకి చేరేసరికి జనం గుమ్మడి ముక్కలు తొక్కుకుంటూ దిగిపోతున్నారు. ఒక కుర్ర మేస్త్రీ పక్కకు తప్పుకుని దారిచ్చి, "మెల్లిగా రండి బాబాయ్," అన్నాడు. వాడు గౌరవంగానే అన్నాడు. నాంచారయ్యకి మాత్రం ఆ మాట ఏడాదిగా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. ఈ దసరాకి కూడా వెనకబడితే ఇక తనని ఇంజను మేస్త్రీ అనరని, పాత మేస్త్రీ అంటారని ఆయన భయం. ఆ భయం తప్పని నేను చెప్పలేను.

ఇంత తెలిసినవాడు తన బండికి తాను సూపర్‌ఛార్జర్ బిగించుకోక ముసలాయన దగ్గరికెందుకు వచ్చాడంటే, గురువు కట్టిన ఇంజనులో ఆయన మాట లేకుండా చెయ్యి పెట్టకూడదని ఆ వీధిలో కట్టుబాటు. ఆయన సరే అన్నారంటే రేపు ఏమైనా ఎవరూ వేలెత్తి చూపరు. ఇంకొక కారణం కూడా ఉంది. దాన్ని నాంచారయ్య తనలో తాను కూడా పైకి అనుకోలేదు. గురువు గారికిప్పుడు వినపడదు కదా అన్నదే ఆ కారణం.

నాంచారయ్య వంగి, గురువు ఎడమ చెవి దగ్గర గట్టిగా అడిగాడు. "గురువు గారూ, ఇంజను బాగానే ఉందండి. దమ్మే తగ్గింది. గాలి కూరితే లేస్తుంది. పెట్టమంటారా, వద్దంటారా?"

కాలేషా గారు సంచి వైపు చూశారు. శిష్యుడి మొహం ఇంకొంచెం ఎక్కువసేపు చూశారు. తర్వాత మంచం కింద నుంచి తన చింతకర్ర తీశారు. మూరెడు పొడుగు, చెవికి ఆనీ ఆనీ ఒక కొస నున్నగా అరిగిపోయింది. ఇంజను మీద ఒక కొస ఆనించి రెండోది చెవికి పెట్టుకుంటే లోపలి ప్రతి శబ్దమూ వినపడుతుంది. చెవులు పోయాక ఆయన దాన్ని పళ్లతో కరిచి పట్టుకుంటున్నారు. మిగిలింది నాలుగు పళ్లే అయినా, శబ్దం ఎముక వెంట లోపలికి కొంత చేరుతుందట. ఇంజను తిప్పించి, కర్ర కరిచిపట్టి, కళ్లు మూసుకుని చాలాసేపు వంగి నిలబడ్డారు. 

"చప్పుడు లేదు," అన్నారు కర్ర తీసి.

"లేదండి," అన్నాడు నాంచారయ్య, ఊపిరి వదిలి.

"ఈ వయసులో ఇంత బుద్ధిమంతురాలెలా అయిందిరా ఇది? సరే, ఆపు. గాలి కూరితే వేడెక్కుతుంది, పల్చటి ఆయిలు కావాలి. ముందు ఉన్నది దించెయ్యి."

పని వచ్చింది. నాంచారయ్య గుంటలోకి దిగాడు. బండి కింద నిలబడి పని చేయడానికి షెడ్డులో తవ్విన గుంట అది. ముప్పై ఏళ్ల కిందట అందులోకి ఒక్క దూకు దూకేవాడు. ఇప్పుడు అంచు పట్టుకుని, ముందు కుడికాలు, తర్వాత ఎడమకాలు పెట్టి, దేవుణ్ణి తలుచుకుని దిగాడు. పొద్దున వేసుకున్న మాత్ర పట్టు వదులుతోంది, మోకాలు సలుపుతోంది. ఆయన చొక్కా జేబులోంచి మాత్రల అట్ట సగం బయటికి కనపడుతోంది.

డ్రెయిన్ బోల్టు విప్పాడు. వేడి ఇంజను నుంచి ఆయిలు నీళ్లలా దూకాలి. అది దూకలేదు. ఒకే తీగలా, తొందర లేకుండా, సాగుతూ దిగింది. నాంచారయ్య దాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఆషాఢంలో కింద సన్నగా టకటక మొదలైనప్పుడు, దసరా దాకా గడిస్తే చాలనుకుని, ఆయనే చిక్కటి గేరు ఆయిలు కలిపి పోశాడు. పాత బళ్లు అంటగట్టే బేరగాళ్లు చేసే పని అది. చిక్కటి ఆయిలు పోస్తే అరిగిన బేరింగుల సందులు పూడుకుపోయి చప్పుడు అణుగుతుంది, పొగ తగ్గుతుంది. కొనేవాడు మోసపోతాడు. ముప్పై ఏళ్లుగా, బండి కొనబోయే ప్రతివాడికీ, ముందు ఆయిలు వేళ్ల మధ్య నలిపి చూడమని చెప్పింది ఈ నాంచారయ్యే. ఎంత చక్కగా పోశాడంటే, చప్పుడు ఆగిన నెలకి పోసిన సంగతి పక్కకు పోయింది, ఇంజను బాగుందన్న మాటే మిగిలింది. అబద్ధం చెప్పేవాడూ వినేవాడూ ఒకడే అయితే వ్యవహారం ఇలాగే సాఫీగా సాగుతుంది.

కాలేషా గారు గుంట అంచున గొంతుక్కూర్చున్నారు. చెయ్యి చాచి ధార కింద రెండు వేళ్లు పెట్టి, నలిపి, విడదీసి చూశారు. వేళ్ల మధ్య తీగ సాగింది.

"అరిసెలకైతే సరిగ్గా సరిపోయే పాకం," అన్నారు.

నాంచారయ్య చేతిలోని బోల్టుని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"ఎవరి చెవికోసం పోశావురా? నాకోసమైతే అక్కర్లేదే. నాకెలాగూ వినపడదు." ఆయన గొంతులో కోపం లేదు. అలసటే ఉంది. ఎందరో శిష్యుల్ని, ఎన్నో ఇంజన్లని చూసి ఇక ఆశ్చర్యపోవడం చేతకాని మనిషి అలసట అది. వేళ్లు గుడ్డకి తుడుచుకుంటూ శిష్యుడి చొక్కా జేబు వైపు చూశారు. "మోకాలికీ ఇదే వైద్యమా?"

నాంచారయ్యకి సిగ్గేసింది. గుంటలో ఉన్నాడు కాబట్టి తలదించుకోనక్కరలేకపోయింది, కళ్లెత్తకుండా ఉంటే సరిపోయింది. ఏడాదిగా తాను ఎంత అలిసిపోయి ఉన్నాడో ఆ క్షణాన మొదటిసారి తెలిసింది. పొద్దున మాత్ర వేసుకుని, కుర్రవాళ్ల ముందు చకచకా నడిచి, రాత్రికి కాలు గోడకి చేరేసి పడుకునే మనిషి ఆయన. అది ఇంట్లో భార్యకి కూడా చెప్పలేదు.

గూట్లో మూత తీయని కొత్త ఆయిలు డబ్బా ఒకటి ఉంది. అది పోయమన్నారు కాలేషా గారు. బోల్టు బిగించి పైకి వచ్చి, ఆయిలు పోసి, ఇంజను తిప్పాడు నాంచారయ్య. కొంచెంసేపు ఏమీ లేదు. వేడెక్కాక, ఎక్కడో కింద, తలుపు తీయమని అడగడానికి మొహమాటపడే మనిషి తట్టినట్టు, టక్ మంది. ఆగి మళ్లీ టక్ మంది. తర్వాత ఆగలేదు. వెనక గొట్టం నుంచి నీలంగా పొగ కూడా మొదలైంది.

కాలేషా గారు కర్ర అందించారు. పాతికేళ్లు ఆయన శిష్యరికం చేసినా ఆ కర్ర నాంచారయ్య చేతికి ఎన్నడూ రాలేదు. ఆయన దాన్ని ఇంజనుకి ఆనించి నున్నటి కొస చెవికి పెట్టుకున్నాడు. ఒకటో సిలిండరు, రెండోది. మూడో దాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. రాడ్డు బేరింగు అడుగంటా అరిగిపోయింది. దాని మీద గాలి కూరి కొండెక్కించి ఉంటే రెండో మలుపు దాటేది కాదు. పక్కన లోయ ఉన్న మలుపు అది. నాంచారయ్య కర్ర తీయలేదు. వినాల్సింది అయిపోయినా వింటూనే ఉన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంజను కోసమో, తనకోసమో విడదీసి చెప్పడం కష్టం.

చాలాసేపటికి ఇంజను ఆపి, గురువు చెవి దగ్గర వంగాడు. ఈసారి అంత గట్టిగా అడగలేకపోయాడు. "మరి దసరాకి కొండ ఎక్కదాండి?"

ముసలాయనకి ఎంత వినపడిందో తెలియదు. మొహం మాత్రం చూశారు.

"ఎక్కకేం. బేరింగులు మార్చు, మెల్లిగా తీసుకెళ్లు, ఎక్కుతుంది," అన్నారు. "కాయ పగలదు, అంతే."

గోనెసంచిని నాంచారయ్య వెనక సీట్లోంచి తీసి షెడ్డు మూల పెట్టి, కారు బయటికి తీసి నిలిపి దిగాడు.  కాలేషా గారు షెడ్డు తాళం వేశారు. ఇంకా పొద్దు ఉండగానే వేయడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. కారు చుట్టూ తిరిగి వచ్చి ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నారు. నాంచారయ్య, మోకాలు దాచుకోకుండా, కుంటుతూ వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. చింతకర్ర ఇంకా ఆయన చేతిలోనే ఉంది. తిరిగిచ్చేయబోతే గురువు తీసుకోలేదు.

"ఇంటి దగ్గర దింపు," అన్నారు. "ముప్పై దాటనీయకు. దారంతా అది ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. నాకు వినపడదు. నువ్వు విను."