పొదుగుకు కూర్చున్న పెట్ట గుడ్డెందుకు పెట్టదు

ఒకప్పుడు పెట్టలకి గుడ్లు పెట్టడమే తెలుసు, ఆపడం తెలియదు.

ఆ కాలంలో ఒక ఎర్రపెట్ట గంపలో గుడ్ల మీద కూర్చుంది. ఒక్క పిల్లనైనా కళ్లారా చూడాలని దాని ఆశ. కానీ ఎలా చూస్తుంది? తెల్లారితే ఇంకో గుడ్డు వచ్చిపడేది. కొత్తదాన్ని రెక్క కింద సర్దుకుంటే పాతది అటువైపు నుంచి బయటికి దొర్లేది. దొర్లింది కాస్తా చల్లబడి పాడైపోయేది.

"ఏమేవ్, గంపనిండా గుడ్లేనా? పిల్ల ఒక్కటీ లేదేం?" అని పుంజు వెక్కిరించింది.

"నన్నడిగితే నాకేం తెలుసు!" అని పెట్ట మెడ వంచి తన కడుపులోకే కేకేసింది. "ఒసే కార్జమా! పచ్చసొన వండేది నువ్వేగా? ఇక ఆపవే!"

అవును మరి, పచ్చసొన తయారయ్యేది కార్జంలోనే, అంటే కాలేయంలోనే. అక్కడినుంచి నెత్తురులో తేలుతూ గుడ్డుసంచికి చేరుతుంది. వింతగానే ఉంటుంది వినడానికి.

"నేనేం చెయ్యనే అక్కా?" అంది కార్జం. "నా వంటవాళ్ల చెవుల దగ్గర కబుర్లు చేరి 'సొన వండండి, సొన వండండి' అని ఒకటే అరుపు. వినపడినంతసేపూ వీళ్లు వండుతారు."

"వాటినెవరు పంపారు?"

"లోపలి గదిలో జన్యువమ్మ ఉంది. సొన పాట ఆవిడకే వచ్చు. ఆవిడ పాడితే కబురు పుడుతుంది."

"ఆవిడని పాడమన్నదెవరు?"

"గుడ్డుసంచి నుంచి వచ్చే హార్మోనక్క."

పెట్టకి తల తిరిగింది. హార్మోనక్కని పిలిచి నిలదీసింది.

"నేనా? నువ్వు పొదుగుకు కూర్చున్నప్పుడే కార్జం గడప తొక్కడం మానేశాగా!" అంది హార్మోనక్క.

జన్యువమ్మని అడిగితే ఆవిడా అదే మాట. "నేను పాట ఆపేశానే తల్లీ. గొంతు విప్పి ఎన్నాళ్లయిందో."

పాడమనేవాళ్లు లేరు, పాడేవాళ్లు లేరు. సొన మాత్రం ఉడుకుతూనే ఉంది! ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

"పోనీ, 'వండొద్దు' అనే కబుర్లు కూడా పంపితే?" అంది కార్జం. సరేనని జన్యువమ్మ పాడింది. ఇంకేముంది! ఒక చెవిలో వండమని, ఇంకో చెవిలో వద్దని. వంటవాళ్లు ఒక చేత్తో పొయ్యి వెలిగించి ఇంకో చేత్తో నీళ్లు పోశారు. మర్నాడు సొనే లేని చిట్టి గుడ్డు ఒకటి పుట్టింది. పెట్ట దాన్ని కూడా రెక్క కింద పెట్టుకుంది, పాపం.

అప్పుడు హార్మోనక్క కబుర్లని దగ్గరగా చూసింది. ప్రతిదానికీ గట్టి చొక్కా, మెడదాకా గుండీలు.

"ఇదేంటత్తా?" అని జన్యువమ్మని అడిగింది.

"బయట ఊడ్చే చీమలుంటాయే," అంది జన్యువమ్మ. "దొరికినదాన్నల్లా కొరికి ముక్కలు చేస్తాయి. నా పిల్లల్ని కొరికితే? అందుకే తొడిగి పంపుతాను."

"మరి అందుకే ఇవి చావవు, ఊరుకోవు. ఆ చొక్కాలు తీసెయ్ అత్తా."

"నా చేత్తో నేనే చీమలకి వెయ్యమంటావా!"

పెట్ట మెల్లగా అంది. "అమ్మా, నీ పిల్లలంటే నీకెంతో నాకు తెలుసు. నా రెక్క కింద ఉన్నవాటికి ఇంకా కళ్లు కూడా రాలేదు. రోజుకొకటి దొర్లిపోతోంది."

ఇంతలో అందరికన్నా పాత కబురు ఒకటి గది గుమ్మం దాకా వచ్చింది.

"అమ్మా, గొంతు పోయింది. ఎందుకు అరుస్తున్నానో నేనే మర్చిపోయా. ఇక పడుకోనా?"

జన్యువమ్మ చెయ్యి చాపి తనే గుండీలు విప్పింది. చీమలొచ్చాయి. కబురు కళ్లు మూసుకుని చిన్న చిన్న ముక్కలైపోయింది. చీమలు ఆ ముక్కల్ని పారెయ్యలేదు, తెచ్చి అమ్మ గదిలోనే పోశాయి.

"చూశావా, పాటా నీ దగ్గరే ఉంది, ముక్కలూ నీ దగ్గరే ఉన్నాయి," అంది హార్మోనక్క. "నేనొచ్చి అడిగినప్పుడు కొత్తవాళ్లని చేద్దువుగాని. వాళ్లకి నేను గొడుగు పడతా. నేనున్నంతసేపూ చీమ దగ్గరికి రాదు. నేను వెళ్లాక..."

"తెలిసిందిలేవే," అంది జన్యువమ్మ, రెండో కబురు గుండీ విప్పుతూ.

కార్జంలో అరుపులు ఒక్కొక్కటే ఆగాయి. వంటవాళ్లు గరిటెలు పట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొత్త గుడ్డు రాలేదు. పాతవి దొర్లలేదు. ఒక పొద్దున ఎర్రపెట్ట రెక్క కింద ఏదో 'కిచ్' మంది.

అప్పటినుంచే, పిల్లలు తమ గింజలు తాము ఏరుకునేదాకా హార్మోనక్క కార్జం గడప తొక్కదు, ఆవిడ గొడుగు లేక కబుర్లు నిలవవు, పొదుగుకు కూర్చున్న పెట్ట గుడ్డు పెట్టదు.