మూడు చుక్కలు

పుండరీకం మాస్టారిని ప్రశ్న అడిగినవాళ్లు జవాబుతో ఇంటికెళ్లిన దాఖలా లేదు. ఏదో ఒక పని చెప్పేవారు, లేదా ఎక్కడికో తీసుకెళ్లేవారు. ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నేర్పే మనిషి కదా, కాస్త తిక్క ఉండటం సహజమేనని శిష్యులు సరిపెట్టుకునేవారు.

ఆ వానాకాలం హైమ ఆయన దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం తిక్క భరించే స్థితిలో లేదు. ఏటి పొడవునా పాతిన నీటిమట్టం మీటర్లను చదివి, వరద ముంచుకొస్తే ఊళ్లలో సైరన్ మోగించే ప్రోగ్రాము ఆమె రాసిందే. మొన్నటి వరదకి ఎగువ ఊళ్లన్నిటా మోగింది. దిగువన జువ్విలంకలో మోగలేదు. గేదెల్ని విప్పబోయిన ఏసుపాదం అనే రైతు ఏట్లో కొట్టుకుపోయాడు.

"డీబగ్గర్‌లో చూసే పంపించాను మాస్టారూ. చూసినవన్నీ సరిగ్గానే ఉన్నాయి. మరి తప్పు నాదెలా అవుతుంది?" అంది హైమ. నీది కాదులే అనిపించుకోవాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

"ప్రోగ్రాము పంపిన రోజు డీబగ్గర్‌ని ఏం అడిగావో అదే మళ్లీ అడుగు," అన్నారాయన.

డీబగ్గర్ అంటే నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఆపి లోపలి సంగతులు చూపించే పనిముట్టు. హైమ వాడేదానికి బొమ్మలూ బొత్తాలూ ఉండవు. ఒక మాట టైపు చేస్తే ఒక జవాబు, అంతే. పెద్దమనిషి తరహా, అడిగిన దానికి మించి పలకదు. మీటర్ల అంకెలన్నీ అర్రే అనే వరస గదుల్లో ఉంటాయి. హైమ ఆ అర్రే పేరు కొట్టింది. తెరనిండా అంకెలు వచ్చాయి, అన్నీ నిక్షేపంలా ఉన్నాయి. చివర మూడు చుక్కలు.

"ఈ చుక్కలేమిటి?"

"వగైరా అని, మాస్టారూ. మిగతావీ ఇలాగే ఉన్నాయని."

మాస్టారు గొడుగు తీసుకుని, "పద, జువ్విలంక వెళ్లొద్దాం," అన్నారు. ఆ ఊరివాళ్ల మొహం చూడటం హైమకు ఇష్టం లేదు. అయినా వెళ్లింది.

లంకలో ఏసుపాదం భార్య మార్తమ్మ బురద పట్టిన గుడ్డలు ఉతుక్కుంటోంది. సైరన్ సంగతి ఎత్తే ధైర్యం హైమకు చాల్లేదు. మాస్టారే ఎత్తారు.

"సైరనుదేవుందండీ, అది మిషను. ఆ రోజు జనాన్ని కాపాడ్డానికి మనుసులే వచ్చారు," అంది మార్తమ్మ. "పడవ మీంచి 'అందరూ బాగున్నారా' అని కేకేశారంట. ముందరిళ్లోళ్లు బాగున్నావన్నారు. మా ఇల్లు సివర్న కదండీ, మాకు ఇనపళ్లేదు. అందరూ బాగున్నారనుకుని ఎల్లిపోయారు. అప్పటికి మా ఆయన బతికే ఉన్నాడండి. ఇటేపొచ్చి ఒక్కసారి సూత్తే సరిపోను."

పడవలో మాస్టారితో తిరిగొచ్చిన హైమ ఆఫీసుకు రాగానే కుర్చీలో కూలబడి మళ్లీ తెర తెరిచింది. పొడుగాటి అర్రేని డీబగ్గర్ ఎప్పుడు అడిగినా రెండు వందల గదుల దగ్గర ఆపేసి చుక్కలు పెడుతుంది. అవి 'వగైరా' కాదు, 'ఇంతవరకే చూపించాను' అని. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు, ఎప్పుడో చదివిందే. కానీ ఆ రోజు అంకెలు బాగున్నాయన్న సంబరంలో చుక్కల్ని కూడా బాగున్నవాటిలోనే కలిపేసుకుంది.

ఈసారి ఆ తర్వాతి గది నుంచి చివరిదాకా చూపించమని టైపు చేసింది. మొదట కొన్ని మామూలు అంకెలే వచ్చాయి. జువ్విలంక మీటర్ల దగ్గర సున్నా, సున్నా, సున్నా. అక్కడి మీటర్లను ప్రోగ్రాము అసలు చదవనే లేదు. ఊరు మునుగుతున్నా దాని లెక్కలో అక్కడ చుక్క నీరు లేదు.

"నాదే మాస్టారూ, తప్పు నాదే," అని హైమ మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు. బయట వాన మళ్లీ జోరందుకుంది. ఎగువన డ్యాం నీళ్లు వదిలారని పొద్దుటి నుంచీ రేడియోలో చెబుతున్నారు.

మాస్టారు వంగి తెర అడుగున వేలు పెట్టారు. అక్కడా మూడు చుక్కలున్నాయి.

"తర్వాత ఏడుద్దువుగాని," అన్నారు. "అవతల ఇంకా ఎవరున్నారో అడుగు."