నాలుగున్నర దిమ్మెల తూకం

నరహరి డాక్టరుగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, లేచి చెప్పులు తొడుక్కునేవారు. ఎక్కడికో తీసుకుపోయి, ఏదో ఒకటి చూపించి, తిరిగొచ్చి చెప్పులు విడిచేవారు. అంతే పాఠం. పెద్దాసుపత్రిలో ముప్పయ్యేళ్లు వైద్యం బోధించిన మనిషి, రిటైరయ్యాక ములుగు వెళ్లే దారిలో ఒక చిన్న ఊళ్లో మూడు గదుల దవాఖానా పెట్టుకుంటే, పట్నం నుంచి కుర్ర డాక్టర్లు ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చేవారు. వచ్చినవాళ్లలో సగం మంది ఈ తిరుగుడుకు విసిగి వెళ్లిపోయారు. ఉండిపోయినవాళ్లలో మైథిలి ఒకతె. ఈ సంగతి నాకు ఆమే చెప్పింది. చెబుతున్నంతసేపూ నా ముఖం వంక చూడలేదు.

ఆమె అడిగిన ప్రశ్న ఇది: "గురువుగారూ, తిండి మానేసి చిక్కి శల్యమైన పిల్ల కోలుకునేటప్పుడు, ఎంత బరువుకు వస్తే ఆరోగ్యం వచ్చినట్టు?"

ప్రశ్న వెనక ఒక పిల్ల ఉంది. పేరు రవళి, పదిహేడేళ్లు. బట్టలు కుట్టే స్వరూప కూతురు. ఏడాదిన్నరగా ఆ పిల్ల అన్నం చూస్తే పాము మీద పడ్డట్టు జడుసుకునేది. ఇంటర్ మధ్యలో ఆగిపోయింది. దవాఖానాకు తెచ్చిననాడు పిల్ల మెట్లెక్కలేకపోతే తండ్రి ఎత్తుకొచ్చాడు. అప్పుడు స్వరూప, "ఎంతకొస్తే నా బిడ్డ బాగైనట్టు మేడం?" అని అడిగింది. తల్లి అన్నాక అడగకుండా ఎలా ఉంటుంది? మైథిలి పుస్తకంలో పట్టిక తీసి, పిల్ల ఎత్తుకు ఎదురుగా ఉన్న గడి చూసి, ఆరోగ్యం అనే మాట ఎక్కడ మొదలవుతుందో ఆ మొదటి అంకెనే చీటీ మీద రాసిచ్చింది. పెద్ద అంకె చూస్తే పిల్ల బెదిరిపోతుందని ఆమె ఉద్దేశం. మంచి ఉద్దేశమే.

ఆ అంకె ఎంతో నేనిక్కడ రాయను. రాస్తే ఇది చదివేవాళ్లలో ఎవరో ఒకరు వెంటనే లేచి వెళ్లి తమ ఒళ్లు తూచుకుంటారు. నాకు తెలుసు, అట్లాంటివాళ్లు మన ఇళ్లల్లో చాలామందే ఉన్నారు.

స్వరూప ఆ చీటీని బియ్యం డబ్బాకు అంటించింది. మేడారం సమ్మక్క తల్లికి మొక్కుకుంది: బిడ్డ ఆ అంకెకు చేరితే ఎత్తు బంగారం ఇస్తానని. బంగారమంటే బెల్లమే. మనిషిని ఒక పళ్లెంలో కూర్చోబెట్టి, రెండో పళ్లెంలో సరితూగేటంత బెల్లం పెట్టి, దాన్ని జాతరకు తీసుకుపోయి తల్లికి సమర్పించుకుంటారు. ఎనిమిది నెలలు ఆ ఇంట్లో ఒక్కొక్క ముద్దకూ ఒక్కొక్క యుద్ధం జరిగింది. మాఘమాసం వచ్చేసరికి పిల్ల సరిగ్గా ఆ అంకెకు వచ్చింది. వచ్చి అక్కడే నిలబడింది, పిసరు అటు కాదు, ఇటు కాదు. నెలసరి ఇంకా మొదలుకాలేదు. చేతులు ఎప్పుడూ చల్లగానే ఉండేవి. ఇడ్లీలో పావు వంతు వదిలితే ఏమవుతుందని అడిగేది. ఇంట్లోవాళ్లు మాత్రం పెట్టె సర్దుతున్నారు, జాతర కాగానే హైదరాబాదులో హాస్టల్లో చేర్పించడానికి. అందుకే మైథిలికి దిగులు పుట్టి గురువుగారిని అడిగింది.

"జబ్బు పడకముందు ఎంత ఉండేదో అడిగావా?" అన్నారాయన.

"లేదండీ. పట్టిక ఉంది కదా అని..."

ఆయన చెప్పులు తొడుక్కున్నారు.

ఆ ఉదయమే సాంబయ్య కిరాణా దుకాణం ముందు రవళికి ఎత్తు బంగారం తూస్తున్నారు. వాసానికి పెద్ద త్రాసు వేలాడదీసి, పసుపు రాసి, కుంకుమ పెట్టారు. వాడకట్టంతా అక్కడే ఉంది. ఎండ చుర్రుమంటున్నా రవళి చుడీదార్ మీద స్వెట్టర్ వేసుకుంది. పళ్లెంలో మఠం వేసుకుని, తల వంచుకుని కూర్చుంది. తీర్పు వినడానికి వచ్చిన దానిలా ఉందని మైథిలి నాతో అంది.

సాంబయ్య బెల్లం దిమ్మెలు ఒక్కొక్కటే పెట్టాడు. నాలుగు దిమ్మెలు, పైన ఒక సగం ముక్క. త్రాసు ముల్లు నిట్టనిలువుగా నిలిచింది. జనం "సమ్మక్క తల్లికీ..." అని కేక వేశారు. సాంబయ్య మంచివాడే, కానీ నోరు ఊరుకోదు.

"పోయిన జాతరకు గీ పిల్లకు ఆరు దిమ్మెలు పట్టినయి! యాదికున్నదా స్వరూపక్కా? డెంగీ తగ్గినందుకు తూచినం గద. అప్పుడు నేనే అన్న, గీ పిల్లకు తూచినంక ఊర్లె చాయ్‌లకు సుత బెల్లం మిగలదని!"

జనం గొల్లుమన్నారు. రెండేళ్ల కిందటా ఇట్లాగే నవ్వి ఉంటారు. ఎనిమిది నెలలుగా కారణం కోసం మైథిలి వెతకని చోటు లేదు: పరీక్షలన్నారు, ఫోనన్నారు, దిష్టి అన్నారు. పదిహేనేళ్ల పిల్ల, పుష్టిగా, జ్వరం తగ్గి బతికి బట్టకట్టిన పిల్ల, ఇదే పళ్లెంలో కూర్చుని ఇంతమంది నవ్వు విన్నదని ఎవరూ చెప్పలేదు. ఎందుకు చెబుతారు? వాళ్ల దృష్టిలో అది ముచ్చట.

రవళి తల ఎత్తలేదు.

అప్పుడు స్వరూప కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. మొక్కుబడికి కొసరు లేకపోతే ఎట్లాగని, ఒక పెద్ద బెల్లం ముక్క తీసి పళ్లెంలో వేసింది. ఆ పళ్లెం కిందికి దిగింది. రవళి కూర్చున్న పళ్లెం జానెడు పైకి లేచింది. పిల్ల ఒక్కసారిగా పక్కకు వంగి, తన పళ్లేనికీ నేలకూ మధ్య ఉన్న ఖాళీని చూసుకుంది.

చూసుకుని నవ్వింది.

ఏడాదిన్నరలో ఆ పిల్ల ముఖాన నవ్వు చూసినవాళ్లు లేరు. "తల్లి మెచ్చింది!" అని ఎవరో అరిచారు. స్వరూప కూతురి బుగ్గలు పుణికి బావురుమంది. ఆడవాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. మైథిలికి కూడా కళ్లు చెమర్చాయి.

"దేన్ని చూసి నవ్విందో చూశావా?" అన్నారు నరహరిగారు మెల్లిగా.

చూసింది. చూశాక ఆ కళ్లనీళ్లు తుడుచుకోవడానికి కూడా ఆమెకు సిగ్గేసింది.

డాక్టరుగారు జనంలోంచి వెళ్లి రవళి చెయ్యి పట్టుకుని కిందికి దింపారు. ఆ చేతిని చాలాసేపు తన రెండు చేతుల మధ్య ఉంచుకున్నారు. తర్వాత స్వరూపతో, "ఒళ్లు ఇంకా కుదుటపడలేదమ్మా. ఇది సగం దారే. ఇప్పుడే హాస్టలుకు పంపకు" అన్నారు.

"మరి మేడం రాసిచ్చిన అంకె వచ్చింది గద సారూ?" అంది స్వరూప. అమాయకంగానే అడిగింది.

మైథిలి ముందుకు వచ్చి, "నేను తప్పు రాశానమ్మా" అంది. అందరి ముందూ అంది. కానీ డప్పులు మొదలయ్యాయి. బెల్లం ఆటో ఎక్కుతోంది. ఆ రోజున ఆ మాట వినే ఓపిక ఎవరికీ లేదు. మర్నాడు ఇంటికి వెళ్లి కూడా చెప్పింది. స్వరూప చాయ్ ఇచ్చి, శ్రద్ధగా విని, "తల్లి మొక్కు తీరింది మేడం, ఇంక భయం లేదు" అంది. వారం తిరగకుండా పిల్లను హాస్టల్లో దింపి వచ్చారు.

ఎండలు ముదిరేసరికి కబురు వచ్చింది. రవళి హాస్టల్ గదిలో స్పృహ తప్పి పడిపోయింది. పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో ముక్కులోంచి గొట్టం వేసి పడుకోబెట్టారు. నాడి ఎంత నెమ్మదిగా కొట్టుకుంటోందంటే, యంత్రం చెడిపోయిందేమోనని నర్సు దాన్ని మార్చి మరీ చూసిందట. మొదటిసారి తెచ్చినప్పటికంటే ఇప్పుడు ఇంకా తక్కువ తూగుతోంది.

తండ్రిని అక్కడ కూర్చోబెట్టి స్వరూప తెల్లవారుజాము బస్సుకు దవాఖానాకు వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు. మైథిలి ముందు చేతులు జోడించింది.

"నీ మాట వినకపోతి మేడం. ఇంకోసారి రాసియ్యి. ఈసారి ఎంత రాసినా తినిపిస్త. నా పానం పోయినా తినిపిస్త."

మైథిలి కలం తీసుకుంది. గురువుగారి వంక చూసింది. ఆయన ఆనాడు చెప్పులు తొడుక్కోలేదు. కుర్చీ స్వరూపకు దగ్గరగా లాక్కుని కూర్చున్నారు.

"అంతకుముందు జాతరకు ఆరు దిమ్మెలు తూగిందన్నారు కదమ్మా. అప్పుడు పిల్ల ఎట్లా ఉండేది?"

స్వరూప ఆలోచించింది. "మంచిగనే ఉండె సారూ. ఎగురుకుంట దునుకుకుంట ఉండె. నెలనెలా బయట చేరుతుండె. రాత్రయితే ముచ్చట్లు ఎంతకూ ఒడువకపోతుండె." ఆగింది. "ఆనాడు దుకాణం కాడ అందరు నవ్విన్రు. నేను సుత నవ్విన."

"ఆ పిల్లే తిరిగి వస్తుంది. వస్తే ఆరు దిమ్మెల పిల్లగానే వస్తుంది. ఇంకా రెండేళ్లు పెరిగింది కాబట్టి కొంచెం ఎక్కువే కావచ్చు. తెచ్చుకుందామా?"

స్వరూప వెంటనే "తెచ్చుకుందాం సారూ" అంటుందని మైథిలి ఎదురుచూసింది. స్వరూప కూతురు అక్కడ గొట్టంతో పాలు తాగుతోంది. ఆ కూతురి కోసం ప్రాణం ఇస్తానని ఇప్పుడే చెప్పింది, అబద్ధం చెప్పలేదు. అయినా కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. చివరకు గొంతు తగ్గించి, గది బయటివాళ్లకు వినబడకుండా అడిగింది.

"గంత అవసరమా సారూ? రేపు పెండ్లీడు పిల్ల... ఐదు సరిపోదా?"

బయట పేషెంట్ల పేర్లు పిలుస్తున్నారు. మైథిలి చేతిలోని కలం బల్ల మీద పెట్టేసింది. నరహరిగారికి కోపం రాలేదు. ఆయన స్వరూప తల మీద చెయ్యి వేసి, శిష్యురాలి వైపు తిరిగారు.

"ముందు ఈమెకు వైద్యం మొదలుపెట్టు, మైథిలీ. తర్వాత సాంబయ్యకు, తర్వాత ఊరికి. పిల్ల దాకా వచ్చేసరికి పిల్ల బతికి ఉంటే చాలు."